ఎవరివీ కాని నీళ్ళు

వెల్డా ష్రేడర్ నోటికి జడవనివాళ్ళు మా టామరాక్‌లో ఇద్దరే. ఒకరు ఆమె మొగుడు హార్లన్, ఆయన పోయి చాలా కాలమైంది. రెండో ఆయన మా పాత పాస్టరు, ఆయనకు చెవుడు. మిగతావాళ్ళమంతా ఆమె చేత చీవాట్లు తిన్నవాళ్ళమే. అదీ ఒకే చోట, కొండదారి మలుపులో ఊట దగ్గర.

రాతిగోడలోంచి ఒక ఇనుప గొట్టం, దాని కింద నాచు పట్టిన తొట్టి, పక్కన మేకుకు వేలాడే తగరపు కప్పు. అంతే. పెన్సిల్వేనియా కొండల్లో ఇంటింటికీ బావి ఉంటుంది, మాకూ ఉన్నాయి. కానీ బావి నీళ్ళు తుప్పు వాసన. తాగడానికి మాత్రం అందరం ట్రక్కులో డబ్బాలు వేసుకుని ఊట దగ్గరికే వెళ్ళేవాళ్ళం. ఆ నీళ్ళకు ఏ రుచీ ఉండేది కాదు, వాటి గొప్పంతా అదే.

వెల్డా ఇల్లు ఆ మలుపు పైనే. గొట్టంలో ఇరుక్కున్న ఆకులు తీసేది, తొట్టి తోమేది, చలికాలంలో మంచు పగలగొట్టి దారి చేసేది ఆమే. ఎవరూ చెయ్యమనలేదు. ఆ చాకిరీకి ఆమె పుచ్చుకున్న జీతం ఒక్కటే, వచ్చినవాళ్ళను తిట్టే హక్కు.

"ఏవయ్యా ఫ్లాయిడ్, ఇంట్లో ఏనుగును గానీ కట్టేశావా? వెనక జనం నిలబడ్డారు, కనబట్టంలా? చేతికొకటి నింపుకుని పక్కకి జరుగు," అనేది. ఫ్లాయిడ్ యేగర్ ఆమెకు పక్కింటి రైతు, పాడి ఉన్నవాడు.

"ఉండవే తల్లీ, నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్మూ కాదు, నీ సొమ్మూ కాదు. అందుకేగా జరగమంటున్నా."

ఆ ముక్క మీదే ఆమె బతుకంతా నిలబడింది. పిల్లలు లేరు కాబట్టి ఊటనే పిల్లలా చూసుకుందని కొందరు కళ్ళు తుడుచుకుంటూ చెప్తారు. ఒట్టి చెత్త మాట. వెల్డాకు ఊట మీద ప్రేమ ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆమెకు ఉన్నది పట్టుదల. నేల లోపలి నుంచి వచ్చేదాన్ని మనిషి తనదనడం సిగ్గుమాలిన పని అని ఆమె అనుకుంది, అనుకున్నదాని మీద నిలబడింది.

దాని కోసం మొగుడితో కూడా తగువు పెట్టుకుంది. ఒక ఏడాది వానల్లేక బావులెండిపోయి, పక్క ఊళ్ళ జనం కూడా ఊట మీద పడ్డారు. హార్లన్ రాతి క్వారీలో పనిచేసేవాడు, ఒళ్ళు హూనమై ఇంటికొచ్చి పడుకుంటే కిటికీ కింద ట్రక్కుల రొద. పాత కొలతల ప్రకారం రోడ్డు మధ్యదాకా స్థలం తనదేనని ఆయన వాదన. ఒక పెద్ద పలక మీద ఎర్ర రంగుతో 'సొంత స్థలం, లోపలికి రావద్దు' అని రాసి ఊట గోడకు కొట్టాడు. వెల్డా గొడ్డలి వెనకవైపుతో దాన్ని ఊడగొట్టి తీసుకెళ్ళి కోళ్ళగూటికి తలుపుగా బిగించింది, రాతలున్న వైపు లోపలికి తిప్పి.

"కోళ్ళు చదూకోనీ," అంది.

హార్లన్ చాన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగాడు, తరవాత ఆయనే నవ్వాడు. మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ఆయన పోయిన కొన్నాళ్ళకు గ్యాసు వచ్చింది. అంటే ఎప్పుడూ ఉన్నదే, పాతాళంలో రాయి పొరల్లో. ఇసుకా మందులూ కలిపిన నీళ్ళను లోపలికి కొట్టి ఆ రాయిని పగలగొడితే పైకొస్తుందట. శుభ్రమైన బూట్లేసుకుని కంపెనీ మనుషులు ఇల్లిల్లూ తిరిగారు. మా నేల కింద తవ్వుకోనిస్తే డబ్బిస్తామన్నారు, అందరం సంతకాలు పెట్టాం. వెల్డా కూడా పెట్టింది, ఆమె ఇంటి కప్పు అప్పటికి రెండు చలికాలాలుగా కారుతోంది.

"అంత లోతున వాళ్ళేం చేసుకుంటే మనకేంటి? ఊట పైన్నే ఉందిగా," అంది నాతో.

నేనూ అదే అనుకున్నాను. తిలాపాపం తలా పిడికెడు. కంపెనీవాడు పోతూ పోతూ, "మీ తాగేనీళ్ళకేం ఢోకా లేదండీ, గట్టి చట్టం ఉంది," అన్నాడు. చట్టం ఉన్న మాట నిజమే. దాన్ని తరవాత కళ్ళారా చూశాం. గ్యాసు బావి మాత్రం ఫ్లాయిడ్ పైమిట్ట మేతబీట్లో తవ్వారు, ఊటకు సరిగ్గా ఎగువన.

చలి మొదలయ్యాక మా ఫైర్ హాల్లో బక్‌వీట్ అనే గింజల పిండితో అట్ల విందు పెడతాం, ఆ డబ్బుతోనే ఊరి ఫైరింజను నడుస్తుంది. పిండి కలిపేది నేను. ముందురోజే ఊట నీళ్ళతో కలిపి పులియబెట్టాలి. ఆ ఏడు పిండి పొంగలేదు. మిల్లువాణ్ణి తిట్టాను, ఈస్టు అమ్మినవాణ్ణి తిట్టాను, కొత్త ఈస్టు తెచ్చి మళ్ళీ కలిపాను. అయినా పెయింటులా అలాగే పడి ఉంది. అప్పుడు అనుమానమొచ్చి డబ్బాలోని నీళ్ళు గాజు గ్లాసులో పోసి చూశాను. పల్చటి మజ్జిగలా తెల్లగా ఉన్నాయి. సన్నటి బుడగలు పైకి పోతున్నాయి, అడుగున బూడిదరంగు మడ్డి దిగుతోంది.

ఊళ్ళో మొట్టమొదట పుట్టిన మాట ఏమిటో తెలుసా? "వెల్డా గొట్టం కడుగుతూ ఏదో మందు పోసుంటుంది."

ఆమె గొట్టం పీకించి కొత్తది వేయించింది. కొత్త గొట్టంలోంచీ అవే నీళ్ళు వచ్చాయి.

రాజధానికి ఫోన్లు చేయగా చేయగా నీళ్ళ వ్యవహారాలు చూసే ఆఫీసు నుంచి మిస్ ఓస్గుడ్ అని ఒకావిడ వచ్చింది. చెడ్డ మనిషి కాదు, నిద్రలేని కళ్ళు, కోటుకు ఒక గుండీ లేదు. ఫైర్ హాల్లో ఊరంతా చేరాం.

"గ్యాసు బావికి ఇంత దగ్గర్లో తాగేనీళ్ళు చెడితే, తప్పు తమది కాదని కంపెనీవాళ్ళే రుజువు చేసుకోవాలండీ. చట్టం మీ వైపే ఉంది," అంది.

చప్పట్లు కొట్టాం. ఆవిడ కలం తీసింది. "ఇంతకీ ఆ నీళ్ళ యజమాని ఎవరండీ?"

"దేవుడు," అన్నాడు ఫ్లాయిడ్. అందరూ గొల్లున నవ్వారు.

"అయితే ఆయన్నే వచ్చి ఫిర్యాదు ఇమ్మనండి," అని ఆవిడ కూడా కొంచెం నవ్వింది. "వేళాకోళం కాదండీ. ఫిర్యాదు యజమానే ఇవ్వాలి. యజమాని లేని నీళ్ళు చెడితే నష్టపోయినవాళ్ళు ఎవరూ లేనట్టే."

"మేమింతమందిమి తాగుతున్నాం కదమ్మా! మా గొంతులు లెక్కలోకి రావా?" అని నేను లేచాను.

"తాగేవాళ్ళు కాదండీ. యజమాని."

ఊరి పెద్ద గార్త్ బిడ్‌లాక్ చెయ్యెత్తాడు. "పోనీ ఊరిదని రాస్తే?"

"నిక్షేపంగా రాయొచ్చు. అప్పుడది ఊరి నీళ్ళ సరఫరా అవుతుంది. పరీక్షలు, శుద్ధి చేసే యంత్రాలు, వాటికి మనిషి, అన్నీ ఊరే పెట్టుకోవాలి."

గార్త్ ఎత్తిన చెయ్యి దించేశాడు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. ఒక్కొక్కరే తలలు తిప్పి హాలు వెనక్కి చూడటం మొదలుపెట్టారు. అక్కడ కాఫీ బల్ల దగ్గర వెల్డా కప్పులు తుడుస్తోంది.

"హార్లన్ అనేవాడుగా, రోడ్డు మధ్యదాకా తనదేనని," అన్నాడు ఫ్లాయిడ్.

"అనేవాడు. నేను కాదన్నా."

"ఇప్పుడు అవునంటే పోలా? ఒక్క ముక్కేగా. అందరి కోసం."

ఆమె చేతిలో గుడ్డను మడిచింది, మళ్ళీ విప్పి మడిచింది. నాకు వద్దని అరవాలనిపించింది. కానీ ఇంకేం దారి ఉందో నాకూ తెలియదు.

"నాది," అంది.

మిస్ ఓస్గుడ్‌కు వినపడలేదు. "ఏమన్నారండీ?"

"ఆ నీళ్ళు నావి. రాసుకో."

మళ్ళీ చప్పట్లు. వెల్డా ఎవరి మొహమూ చూడలేదు, వెనక తలుపులోంచి ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

యజమాని దొరికేసరికి పనులు చకచకా జరిగాయి. విచారణ తేలేదాకా అని కంపెనీ ఒక తెల్లటి ట్యాంకు తెచ్చి వెల్డా పెరట్లో పెట్టి మంచినీళ్ళు నింపింది. ఆమె ఊరుకుంటుందా? దానికి పైపు తగిలించి రోడ్డు దాకా లాగింది. మళ్ళీ ట్రక్కులు, మళ్ళీ డబ్బాలు, మళ్ళీ చీవాట్లు. ఆ కొద్ది రోజులూ మాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. అంతలో కంపెనీ మనిషి దిగాడు.

"మేడం, ఈ నీళ్ళు యజమాని ఇంటి వాడకానికి మాత్రమేనండీ."

"యజమానిని నేనేగా? నా నీళ్ళు నేను ఎవరికైనా పోసుకుంటా, నీకేం నొప్పి?"

"అలా కుదరదండీ." మర్నాడు ట్యాంకు తీసుకుపోయారు.

పరీక్షలు వేసవి దాకా సాగాయి. చివరికి తేలిందేమిటంటే, నీళ్ళలో గ్యాసు ఉంది, ఉప్పు ఉంది, తాగడానికి పనికిరావు. కానీ అది తవ్వకం వల్ల వచ్చిందో, నేలలోనే ఎప్పటి నుంచో ఉందో చెప్పలేరట, తవ్వకముందు ఆ నీళ్ళు ఎలా ఉండేవో ఎవరూ పరీక్షించలేదు కాబట్టి. కంపెనీ తవ్వే ముందు చుట్టుపక్కల బావులన్నీ పరీక్ష చేయించింది, ఒక్కో యజమాని అనుమతి తీసుకుని. ఊటకు అప్పట్లో యజమాని లేడు. అడగడానికి మనిషి లేక వదిలేశారు. యజమాని లేక పరీక్ష జరగని చోట రుజువు భారం కంపెనీ మీద ఉండదట.

మా చేతే 'నాది' అన్న ముక్క అనిపించారు, మళ్ళీ తవ్వకముందు ఆ ముక్క లేనందుకే ఫిర్యాదు కొట్టేశారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆఫీసు కరవనూ లేదు, విడవనూ లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. మిస్ ఓస్గుడ్ స్వయంగా వెల్డా ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, వంటింట్లో యాపిల్స్ కోస్తూ.

"ఊట మూసేయాలండీ. దారినపోయేవాళ్ళు తాగకుండా బోర్డు కూడా పెట్టాలి," అంది, నేల చూస్తూ. "ఎవరైనా జబ్బుపడితే మీ మీదికొస్తుంది."

"నా మీదికా?"

"యజమాని మీరే కదండీ."

వెల్డా ఆవిడకు కాఫీ పోసింది. ఆవిడ ముట్టుకోలేదు.

ఆ వారం ఫ్లాయిడ్ కంచె దగ్గర ఆపి అన్నాడు, "నీ నీళ్ళు తాగే మా ఆవిడకు ఒళ్ళంతా దద్దుర్లు వెల్డా." నీ నీళ్ళు! పైమిట్టలో గ్యాసు బావి పెట్టుకుని ప్రతి నెలా చెక్కు పుచ్చుకునేవాడు అన్న మాట అది. నాకు ఒళ్ళు మండింది. అతగాడి మొహం మీదే అడిగేశాను, "సిగ్గుందా?" అని. వెల్డా నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది.

గొట్టానికి సిమెంటు ఆమే పెట్టింది, వేరేవాళ్ళను ముట్టుకోనివ్వలేదు. బోర్డుకు డబ్బు దండగ ఎందుకని కోళ్ళగూటి తలుపు ఊడదీసింది. లోపలి వైపు రెట్టలు గీకి కడిగితే ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. నేను పలక పట్టుకున్నాను, ఆమె మేకులు కొట్టింది.

"హార్లన్ ఉంటే ఎంత సంబరపడేవాడో," అంది. తరవాత తగరపు కప్పు తీసి ఆప్రాను జేబులో వేసుకుంది.

మేమింకా అక్కడుండగానే ఒక కారు ఆగింది. ఎవరో పొరుగూరి ఆవిడ డబ్బాలతో దిగి, పలక చదివి, మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "దారిలో నీళ్ళక్కూడా కాపలా కాసే మనుషులుంటారన్నమాట," అని కారెక్కింది. వెల్డా బదులు చెప్తుందని చూశాను. ఆమె వంగి మిగిలిన మేకులు ఏరుకుంటోంది.

గొట్టం మూస్తే నీళ్ళు ఆగుతాయా? వాటికి చట్టం తెలియదు. గోడ కింద ఇంకో దారి చూసుకుని రోడ్డు మీదికి పారాయి. చలి రాగానే మలుపంతా గాజులా గడ్డకట్టింది. బడి బస్సు జారి కాలువలోకి ఒరిగింది, దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడే గార్త్ బిడ్‌లాక్ టోపీ చేతుల్లో నలుపుకుంటూ వచ్చాడు.

"ఏమీ అనుకోకు వెల్డా. నీ నీళ్ళు రోడ్డు మీదికొస్తున్నాయి. అది యజమాని చూసుకోవాల్సిందేనని ఊరి లాయరు అంటున్నాడు. ఈ చలికాలం గడిచేదాకా నువ్వే ఏదో ఒకటి..."

ఆమె తిడుతుందని చూశాను. తిడితే బాగుండునని మొక్కుకున్నాను. ఆ పాత నోటితో ఒక్కసారి వాణ్ణీ, మమ్మల్నందరినీ కడిగేస్తే ఎంత హాయిగా ఉండేదో.

"అలాగే గార్త్," అంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే పొయ్యిలో బూడిద బకెట్లో పోసుకుని మలుపు దగ్గరికి వస్తుంది. వంగి, బళ్ళు జారకుండా మంచుగడ్డ మీద గుప్పెడు గుప్పెడు చల్లుతుంది. మా ట్రక్కులన్నీ ఆ బూడిద మీద నుంచే పట్నం వెళ్తాయి, దుకాణంలో నీళ్ళ సీసాలు కొనుక్కురావడానికి. నిన్న నేను ఆమెకు సాయం చేస్తుండగా ఫ్లాయిడ్ ట్రక్కు వచ్చింది. తొందరగా ఉన్నట్టుంది, హారన్ కొట్టాడు. వెల్డా నడుం పట్టుకుని లేచి, బకెట్ తీసుకుని, ఏమీ అనకుండా పక్కకి జరిగింది.