పందిరి గుంజల మీద శ్లాబు

మా పక్క స్థలంలో మొన్న శ్లాబు పోశారు. పొద్దున్నే మిక్సరు గడగడలాడేసరికి నాకు కాలు నిలవలేదు. కాఫీ గ్లాసు అక్కడే వదిలేసి, మోకాళ్లు వద్దు వద్దంటున్నా మెట్లు దిగి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పోయి సెంట్రింగు కిందికి తొంగిచూశాను. ఇప్పుడన్నీ ఇనప పోట్లే, శ్లాబు గట్టిపడేదాకా కింద నిలబడి మోసేవి. ఒక్కొక్కదాని కిందా చెక్క పెట్టారా లేదా అని వంగి వంగి చూస్తుంటే వాచ్‌మన్ వచ్చి, "ఏందమ్మా, ఏమన్నా పోగొట్టుకున్నారా?" అన్నాడు. పోగొట్టుకున్న మాట నిజమే. చెక్కలు బాగానే పెట్టారు. ఇంటికొచ్చేసరికి కాఫీ చల్లారిపోయింది. నా మనసు మాత్రం అరవై ఏళ్లు వెనక్కి పోయి, చిట్టమూరు దాటి సముద్రం వైపు సాగే ఇసక దారిలో కూర్చుంది.

మా ఆయన అప్పుడు ఓవర్సీయరు. సర్కారు కట్టించే బడులూ కల్వర్టులూ చూసి, కొలిచి, 'సరే, కానివ్వండి' అనడం ఆయన పని. ఆ ఒక్క 'సరే' కోసం కాంట్రాక్టర్లూ మేస్త్రీలూ ఆయన చుట్టూ తిరిగేవాళ్లు. ఆయనకో అలవాటుండేది. ఎవరైనా తొందరపెడితే నవ్వి, "ఉండండి, నీళ్లు తాగొస్తా" అని అవతలికి పోయేవాడు. పెద్దమనుషుల ముఖం చూస్తూ జవాబు చెబితే అది వాళ్ల జవాబే అవుతుందట! కుండ దగ్గర నిలబడి, చెంబుడు నీళ్లూ నిదానంగా తాగి, అప్పుడొచ్చి చెప్పేవాడు. పనిలో అంటే సరే, ఇంట్లోనూ అదే వరస. పెళ్లయిన కొత్తలో నేను వెంకటగిరి చీర అడిగితే నీళ్లు తాగడానికి పోయాడు మహానుభావుడు. తిరిగొచ్చి "కొందాం" అన్నాడనుకోండి, ఈలోగా నా ప్రాణం పోయి వచ్చింది.

ఆ సముద్రపు ఊళ్లో బడి కడుతున్నప్పుడు మేమూ అక్కడే తాటాకింట్లో ఉన్నాం. అన్నంలో ఇసక, పరుపులో ఇసక, ఆయన విప్పిన పేపరు మడతల్లో ఇసక. చుట్టూ సరుగుడు తోపులు, వాటిల్లో పగలంతా గాలి హోరు. ఆ హోరు ఇప్పుడు ఎక్కడ విన్నా చేతిలో పని వదిలేసి వింటాను. అప్పుడు మాత్రం ఎప్పుడు పోదామా అనే ఉండేది. నాకు ఏడో నెల. అంతకుముందు కాన్పులో, ఇలాంటి మూల ఊళ్లోనే, డాక్టరు వచ్చేలోపే బిడ్డ పోయింది. ఈసారి నెల్లూరులో, ఆసుపత్రి పక్కనే ఉండాలని నా పట్టు. ఆయన పై ఇంజనీరు గారు మాటిచ్చారు కూడా. బడి శ్లాబు అనుకున్న రోజుకు పడితే నెల్లూరుకు బదిలీ, పడకపోతే ఆ ఖాళీలోకి ఇంకొకరు. ఇక నేను ఊరుకుంటానా? పొద్దునా సాయంత్రం ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. కనిపించిన ప్రతి ఆడమనిషికీ నా కష్టం చెప్పుకున్నాను.

అదే కొంప ముంచింది. సెంట్రింగు వేసే వడ్రంగులు నెల్లూరు నుంచి వస్తామన్నవాళ్లు రాలేదు. ఆయన ఆఫీసు పనిమీద రెండు రోజులు ఊళ్లో లేడు. కడుపుతో ఉన్న పిల్ల ఆశపడుతోందని, ఊళ్లో పెళ్లిపందిళ్లు వేసేవాళ్లు తామే పూనుకుని ఆ రెండు రోజుల్లో సెంట్రింగు నిలబెట్టేశారు. ఎలా నిలబెడతారు? వాళ్లకు తెలిసినట్టే! ఇసకలో మూరెడు గొయ్యి తీసి, సరుగుడు గుంజ పాతి, నీళ్లు పోసి తొక్కారు. సముద్రపు గాలికి పందిరి లేచిపోకుండా ఉండాలంటే అలాగే పాతాలి మరి. గుంజ పైకి లేవకుండా చూడటమే వాళ్ల పనితనం. కిందికి దిగదొక్కే బరువు వాళ్ల పందిరి ఏనాడూ మోయలేదు.

శ్లాబు రోజు ఆయన పొద్దుటి బస్సు దిగి నేరుగా పని దగ్గరికే పోయాడు. అప్పటికే ఊరి ప్రెసిడెంటు గారు కొబ్బరికాయ కొట్టేశాడు. ఆ బడి కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనిషి పాపం. కాయ కొట్టాక పని ఆగితే ఊరికి అరిష్టమని అక్కడి నమ్మకం. సాయంత్రానికి ఇంజనీరు గారు చూడ్డానికి వస్తారు. ఆడకూలీలు తట్టలు పట్టుకుని నిచ్చెన దగ్గర వరసలో నిలబడ్డారు. నేను క్యారియర్ పట్టుకుని పోయాను. అన్నం ఒక వంక, శ్లాబు పడటం నా కళ్లతో చూడాలని. తీరా పోతే ఆయన పైన లేడు. సెంట్రింగు కింద గొంతుక్కూర్చుని ఒక గుంజ మొదట్లో ఇసక చేత్తో తోడుతున్నాడు. పైన చెక్కలు తడపడానికి తెల్లారినుంచి పోసిన నీళ్లన్నీ ఆ గుంటల్లోకే దిగి ఇసక జావగా ఉంది. ఆ చుట్టుపక్కల వేరే నీడ లేదని కూలితల్లులు ఆ గుంజలకే చీర ఉయ్యాలలు కట్టి పసివాళ్లను పడుకోబెట్టారు. మూడు ఉయ్యాలలు.

"ఏంది సామీ, కింద జేరినావు? కాయ గొట్టేసినాం, మాలు కలిపేసినారు. గట్టిపడిపోతాది, కానీమను!" అన్నాడు ప్రెసిడెంటు.

పందిళ్ల పెద్దాయనకు రోషమొచ్చింది. "నా గుంజ ఊడిందని ఈ చుట్టుపక్కల ఒక్కడి చేత చెప్పించు, మీసం తీసేస్తా" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. నా ముఖంలో ఏముందో నాకు తెలుసు. "ఉండండి, నీళ్లు తాగొస్తా" అన్నాడు. నేనూ వెనకే కుండ దగ్గరికి పోయి, "ఏం కాదు, కానీమనండి. నా సంగతి ఆలోచించరా?" అన్నాను. అన్నాను, ఎందుకు దాచాలి? ఆయన చెంబు దించాడు. "కూలదేమో, నాకూ తెలీదు. తెలీనప్పుడు అంతమంది ఆడోళ్లను పైకెక్కించేదానికి నాకు నోరు రావడంలేదు" అన్నాడు. ఆయనకూ బిడ్డ పోయిందన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టనే లేదు.

తిరిగిపోయి ముందు ఆ మూడు ఉయ్యాలలూ తనే విప్పి బిడ్డలను తల్లుల చేతికిచ్చాడు. తట్టలు దించేయమన్నాడు. కలిపిన సిమెంటు మాలు పారబోయక బడి ముందర మెట్టుగా పోయించాడు. రోజూ పని వివరాలు రాసే పుస్తకంలో 'పని ఆపినది నేనే' అని రాసి సంతకం పెట్టాడు. తరవాత పందిళ్ల పెద్దాయన పక్కన కూర్చుని, "తాతా, నీ గుంజ ఊడదు, నాకు తెలుసు. దిగిపోతాదనే నా బయం" అన్నాడు. ముసలాయన జావ ఇసకలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసి, పలుగు తెమ్మన్నాడు. ప్రతి గుంజా పెరికి, నేల ఎండనిచ్చి, కింద తాటి పలకలు పరిచి నిలబెట్టడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు శ్లాబు పడింది, నిలిచింది.

ఇంజనీరు గారు మండిపడ్డారు. నెల్లూరుకు ఇంకొకరు పోయారు. మొదటి సెంట్రింగు మీద పోసి ఉంటే కూలేదో లేదో ఎవరికీ తెలియదు. కూలి ఉంటే జిల్లా అంతా చెప్పుకునేది. కూలలేదు కనక చెప్పుకోవడానికేమీ లేదు. పది రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు, కంచం ఠంగుమని పెట్టడం తప్ప. పిల్ల ఆ తాటాకింట్లోనే, ఊరి మంత్రసాని చేతుల్లో క్షేమంగా పుట్టింది. దాంతో పోట్లాడటానికి సాకు పోయింది కానీ, కోపం మాత్రం కొంచెం దాచుకున్నాను. ఎప్పుడు మాటామాటా వచ్చినా "మీ మూడు రోజులూ మీరూ" అని దెప్పేదాన్ని. ఆయన నవ్వేవాడు, అంతే. ఒక్కసారైనా ఎదురు చెప్పి ఉంటే నాకీ బాధ ఉండేది కాదు.

ఆయన పోయి పదకొండేళ్లు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే బదిలీ గుర్తు రాదు, ఆసుపత్రి గుర్తు రాదు. పని ఆగిన ఆ పూట బిడ్డలను చంకనేసుకుని, ఇసక దారిన నవ్వుకుంటూ ఇళ్లకు పోయిన ఆ ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్ల నవ్వు విని ఆ రోజు నాకు ఒళ్లు మండింది. మూడు రోజులు ఆలస్యం చేశాడని ఆయన్ని యాభై ఏళ్లు సాధించాను; 'మీరు చేసింది మంచిపని' అనడానికి నాకెంత ఆలస్యమైందో చెబుదామంటే, వినడానికి ఆయన లేడు.