రాతి గొట్టంలో విన్న మాట

కాంగోలో మా క్యాంపుకు చేరేసరికి సన్నగా వాన పడతా ఉండాది. లారీ దిగి బూటు మోపితే మట్టి లేదు. అంతా నల్లరాయి. ఎదురుగా అగ్నిపర్వతం, దాని నెత్తిన పొగ. బంగారుపాళ్యం మామిడితోపుల్లో పెరిగినోణ్ణి, అట్లాంటి నేల ఎప్పుడూ చూడలేదు. ఐక్యరాజ్యసమితి శాంతిసేన నీలం హెల్మెట్, బరువు జాకెట్, రైఫిల్. డ్యూటీ తిరుగుబాటోళ్ళ నుంచి రోడ్డు కాపలా. మనమీద కాలిస్తే తప్ప కాల్చకూడదని ఆర్డరు.

మా సెక్షన్లో రేడియో ఆపరేటరుది నగరి. నేతపని చేసే ఇంటివాడు. తెలుగోళ్ళం మేమిద్దరమే. నన్ను అన్నా అనేవాడు. వాళ్ళమ్మ పంపిన కారంపొడి ముందు నా పళ్ళెంలోనే వేసేవాడు.

ఒక ఆదివారం రాళ్ళు చూసొచ్చేదానికి ఆఫీసరు ఒప్పుకున్నాడు. "గట్టు దాటొద్దు. మంచు దిగితే తిరిగొచ్చేయండి" అన్నాడు. నేను, ఆపరేటరు, ఆ ఊరి దుబాసీ పోయినాం. దుబాసీ మాతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు. బండి నడిపింది ఆపరేటరు.

కరిగిన రాయి పారిన చోట జడలు అల్లినట్టు మడతలు పడి గట్టిపడిండాది. ఆ పక్కన మనిషి దూరేంత రాతి గొట్టాలు, కొన్ని నిలువుగా, కొన్ని పడిపోయి. ఒకప్పుడు ఆడ అడవంట. రాయి చెట్లను చుట్టుకొని గట్టిపడింది, లోపల చెట్టు కాలిపోయింది. బెరడు గీతలు రాతిమీద అట్లే ఉండాయి.

"సూడన్నా, చెట్టు పోయినా దాని చొక్కా మిగిలిండాది" అన్నాడు ఆపరేటరు.

మంచు దిగింది. మేం తిరగబోతుంటే గట్టు అవతల్నుంచి కాల్పులు. దుబాసీ తొడకు తగిలింది. పడిపోయిన గొట్టం ఒకదాన్లోకి ఆయన్ని లాగి, బెల్టుతో తొడ బిగించినాను. నా చేతి రేడియో సెట్టులో మాటలు వినపడతాయి గానీ నా మాట క్యాంపుదాకా పోదు. పెద్ద సెట్టు బండిలో ఉండాది.

"నువ్వు ఈయన్ని సూసుకోన్నా. నేను క్యాంపుకు చెప్పి బండి ఈడికే తెస్తా" అన్నాడు ఆపరేటరు.

"పదిలం అబ్బా" అన్నాను. పరిగెత్తినాడు.

కాసేపటికి చేతి సెట్టు పలికింది. వాడే. హిందీలో క్యాంపుకు చెప్తా ఉండాడు. "అందరం బండెక్కినాం. వచ్చేస్తా ఉండాం."

"అందరూ క్షేమమేనా?" క్యాంపు నుంచి అడిగినారు.

"క్షేమమే."

బటన్ నొక్కి వాడి పేరు పెట్టి అరిచినాను. బండిదాకా నా మాట అందుతాది. బండి చప్పుడు దూరమైపోయింది.

క్యాంపులో మేం కనపడకపోయేసరికి వెతకను వచ్చినారు. బండిలోకి ఎక్కించేలోపే దుబాసీ ప్రాణం పోయింది.

విచారణలో ఆపరేటరు తల ఎత్తలేదు. "మంచులో కనపడలేదు సార్. వెనక ఎక్కినారనుకున్నా" అన్నాడు. ఆఫీసరు నన్ను పక్కకు పిలిచి "భయపడినాడు. ఇంతటితో వదిలెయ్" అన్నాడు.

బయట వాణ్ణి పట్టుకున్నాను. "ఎందుకురా?"

"నాకు ఇద్దరు బిడ్డలన్నా."

"నాకు లేరా?"

మళ్ళా మేమిద్దరం తెలుగు మాట్లాడుకోలేదు.

కాంగోలో మా డ్యూటీ గడువు ముగిసి ఇంటికొచ్చినాం. నగరిలో వాడికి పూలదండలేసి ఊరేగించినారంట. రమ్మని నాకు ఫోన్ చేసినాడు. నేను పోలేదు.

అగ్నిపర్వతం ఎట్లుంటాదని జనం అడుగుతారు. చెప్తాను. ఒకటి మాత్రం చెప్పను. ఆ రాతి గొట్టంలో, సెట్టులో వాడి గొంతు వినగానే, హిందీ రాని ఆ దుబాసీ మొహం ఎంత వెలిగిపోయిందో. నా చెయ్యి పట్టుకొని "మీ తమ్ముడు వస్తున్నాడు కదా?" అన్నాడు.

అవునన్నాను.