అవ్వ చావు కబురూ, పట్టుగూళ్ల రేటూ

చావింట్లో నవ్వకూడదంటారు. మా అవ్వ చావులో నేను చేసిన ఘనకార్యం చెబుతాను. నవ్వాలో, నన్ను నాలుగు తన్నాలో మీరే తేల్చుకోండి.

పెనుకొండ గ్రంథాలయంలో కంప్యూటర్ల మీదున్న పుస్తకాలన్నీ పట్టుపురుగు మల్బరీ ఆకు మేసినట్టు మేసినవాణ్ణి. ఆ పాండిత్యంతో ఇంట్లో కంప్యూటర్‌కు రెండు మోడెంలు తగిలించాను. ఒక్కోటీ పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, లోపల సిమ్ కార్డు. ఒక సిమ్‌లో చుట్టాల నెంబర్లు, రెండో దాంట్లో పట్టుగూళ్ల రైతుల నెంబర్లు. కంప్యూటర్ లెక్కలో చుట్టాలు సున్నా, రైతులు ఒకటి. రోజూ పది గంటలకు హిందూపురం మార్కెట్ రేటూ, కింద "గూళ్లు ఆలస్యం చేయక తెండి" అన్న సలహా రైతులకు వాటంతటవే పోతాయి.

అవ్వ తెల్లవారుజామున పోయింది. గుడిబండ నుంచి ఆమె తమ్ముడు హనుమంతప్ప తాత పుట్టింటి చీర తెచ్చి కప్పితే తప్ప మా వైపు శవాన్ని ఎత్తరు. అదీ పొద్దు మునిగేలోపలే.

"హనుమంతప్ప మామకు ఫోన్ చేసి చెప్పురా" అన్నాడు నాయన.

"ఒక్క మీట నొక్కితే చుట్టాలందరికీ పోతాది నాయనా. ఒక్కొక్కరికీ చెప్పి ఏడ్చే కాలం పోయింది."

"నీ మీటలు నాకు తెలీవు. చీర రావల్ల, అంతే."

ఇంతలో అవ్వను పడుకోబెట్టడానికి ఐస్ పెట్టె వచ్చింది. తెచ్చినాయన ప్లగ్గుకు చోటు లేక నా మోడెంల తీగ పీకి ఇంకో చోట గుచ్చాడు. రెండు దీపాలూ మళ్లీ వెలిగాయి. నేను దర్జాగా నొక్కాను: "మా అవ్వ పోయింది. పుట్టింటి చీరతో వెంటనే రండి. మీరొస్తేనే ఎత్తేది." పుస్తకజ్ఞానం ఊరుకోదు కదా, ఇంటి గుర్తులు కూడా రాశాను.

మధ్యాహ్నమైనా చుట్టాల జాడ లేదు. ఎవరో పెద్దమనిషి కవర్లో చీరతో గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా, చీర లేక ఆగిపోయిండేది ఈడేనా?"

"మీరెవురు?" అన్నాడు నాయన.

"ఆమడగూరు. మెసేజ్ వచ్చినాది."

"మా అమ్మ మీకేమవుతాది?"

"ఏమీ కాదప్పా. ఎవురి ఆడబిడ్డయితేనేమి, పుట్టింటి చీర రాలేదంటే ఇంట్లో ఎట్ల కూర్చుంటాం?"

ఆయన వెనకే చిలమత్తూరు నుంచి భార్యాభర్తలు, ఇంకో చీర. వాళ్ల వెనక మరొకరు. అందరూ గూళ్ల రైతులే.

కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తాను. తీగ పీకి గుచ్చినప్పుడు ఏ మోడెం ముందు మేలుకుంటే అది సున్నా అట. ఆ రోజు రైతులది ముందు లేచింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంటి చావు రచ్చకు చెప్పి, రచ్చ రేటు ఇంటివాళ్లకు పంపాను.

నాయన ఒక్కొక్క చుట్టానికీ ఫోన్ చేసి ఏడ్చాడు. తాత మాత్రం ఎత్తలేదు.

పొద్దు వాలుతుండగా తాత టెంపో దిగాడు, చేతిలో మిఠాయి డబ్బా.

"ఏమిరా, భలే కబురు పెట్టినావు. ఆలస్యం చేయొద్దంటివి కదా, గూళ్లన్నీ హిందూపురం ఏసుకపోయినా. మంచి రేటు పలికినాది. అక్క యాడ? లడ్డు పెట్టల్ల."

తాత చూపు ఐస్ పెట్టె మీద ఆగింది. డబ్బా మెల్లగా అరుగు మీద పెట్టాడు.

ఆమడగూరాయన తన చీర తాత చేతుల్లో ఉంచాడు. "నీ చేత్తో కప్పప్పా. పొద్దు పోతాంది."

శ్మశానం నుంచి తిరిగొస్తూ తాత ఒక్క మాటన్నాడు. "నేను పోయినప్పుడు నువ్వు మెసేజ్ పెట్టొద్దురా. ఈసారి గొర్రెల సంత మొత్తం దిగుతాది."

ఆ గ్రంథాలయం మెట్ల మీద ఒట్టు. ఇకమీదట ఏ మోడెంనూ లేచిన వరుసను బట్టి పిలవను, దాని ఒంటిమీద చెక్కిన నెంబరుతోనే పిలుస్తాను. చావు కబురు మాత్రం నోటితోనే చెబుతాను, అవతలివాళ్ల ఏడుపు ఆగేదాకా ఫోన్ పెట్టను.

తాత నా ఫోన్ ఎత్తితే ఇప్పటికీ హలో అనడు. "ముందు అందరూ బతికుండారా చెప్పు. రేటు ఆమీద."