బండి టీవీ బాగుచేయించనీకి జహీరాబాద్ పోయొచ్చిన

నారాయణఖేడ్‌ల పొద్దుగాల ఆరున్నరకు ఎల్లినం, నేనూ నా బిడ్డ రేణుక. బండి నడిపేది ఆమెనే. వాళ్ళ నాయిన పోయి ఏడాదిన్నర అయింది. ఆయన నడిపిన ఏడు సీట్ల బండినే ఇప్పుడు ఆమె గిరాకికి నడుపుతది. నాకు అచ్చరాలు అంతంతే. నేను చెప్తుంటే ఆమెనే రాస్తుంది. నా మాట దిద్దకు అని ముందే చెప్పిన.

ఎందుకు పోయినమంటే బండిల టీవీ ఖరాబైంది. బండి ఎనకకు పోనిస్తే ఎనక ఏమున్నదో చూపెట్టే టీవీ అది. కొన్ని నెలల సంది దాని నిండ గీతలు, పురుగులు పారినట్టు. పాట పెడితే గుయ్యిమని మోత. ఎనక మూటలు నిండితే అద్దంల ఏం కానరాదు, ఇగ టీవీనే దిక్కు. పోయిన వారం బస్టాండు కాడ రేణుక బండి ఎనకకు తీసుకుంట జామకాయల బండిని గుద్దింది. కాయలన్ని రోడ్డు మీద పడ్డయి. దాని పక్కన గూసున్న ముసలామె కాలు జానెడు దూరంల తప్పింది.

ఆనాడే మా మరిది మొగులయ్య వచ్చిండు. "వదినే, ఆడిపిల్లకు బండెందుకు? కొనెటోన్ని చూసిన, అమ్మేద్దాం" అన్నడు. రేణుక ఆ పూట బువ్వ తినలే. ఖేడ్‌ల ఇద్దరు మెకానిక్‌లు చూసిండ్రు. ఒకాయన వైరు మార్చిండు, ఇంకొకాయన కెమెరానే మార్చిండు. గీతలు పోలే. జహీరాబాద్‌ల ఉస్మాన్ భాయ్ అని కరెంటు పని చేసెటాయన ఉన్నడంటే, ఇదే ఆఖరు, ఈడ గాకపోతే అమ్ముడే అనుకొని ఎల్లినం.

ఏడు గొట్టంగ మనూర్ కాడ ఒక ముసలాయన కంది మూటతోని ఎక్కిండు. నాగల్‌గిద్ద దిక్కు మనిషి, మాటల సగం కన్నడమే.

"ఏనవ్వా, పిల్ల నడుపుతదా? నేను కండ్లు మూసుకుంట, రాయికోడ్‌ల లేపుండ్రి" అన్నడు.

"మూసుకో తాతా, నేనైతే మూసుకోను" అన్నది రేణుక.

ఆయన నవ్విండు గని నిజంగనే నిద్రపోయిండు. రాయికోడ్‌ల ఆయనను దించి, అక్కడనే ఇడ్లీ తిని, తొమ్మిదింటికి జహీరాబాద్ చేరినం.

ఉస్మాన్ భాయ్ దుకాణం రోడ్డు పక్కనే, ముంగట ఒక రేకుల కప్పు. ముందుగాల బండి ఇంజన్ బందుపెట్టి, తాళం మాత్రం తిప్పి చూసిండు. గీతలు అట్లనే ఉన్నయి.

"ఇంజన్‌ది గాదు అమ్మా. బండిల ఇంకేదో కరెంటు తాగుతుంది, అదే గడబిడ చేస్తుంది. అన్నీ ఒక్కొక్కటి తీసి చూద్దాం."

ఫోను చార్జర్ తీసిండు. పాటల డబ్బా వైరు తీసిండు. లోపలి లైటు తీసిండు. పదకొండు అయింది. గీతలు పోలే. అప్పుడు ఆయన చెయ్యి ముంగటి దీపం దిక్కు పోయింది.

"దాన్ని ముట్టకు!" అని ఒర్లిన.

మా ఆయన పెద్దకర్మ నాడు బండిల ఆయన ఫోటో ముంగట నేను పెట్టిచ్చిన కరెంటు దీపం అది. నూనె దీపం లెక్క వణుక్కుంట వెలుగుతది. తాళం తిప్పితే వెలుగుతది, తీస్తే ఆరుతది. బండి నడిచినన్ని దినాలు అది ఆరొద్దని నేను అనుకున్న. ఖేడ్ మెకానిక్‌లను సుత అట్లనే బెదిరించిన. పాపం, మొగడు పోయిన మనిషని వాళ్ళూ ముట్టలే.

ఉస్మాన్ భాయ్ చెయ్యి ఎనకకు తీసుకున్నడు. "నేను తియ్య అమ్మా. తీస్తే నువ్వే తియ్యాలె" అని బయట స్టూలు మీద గూసున్నడు.

రేణుక నా మొకం చూస్తలేదు. నాకు అప్పుడు ఎరుకైంది, ఆమెకు ముందే అనుమానం ఉండె. నన్ను అడగలేకపోయింది.

"ఎన్ని దినాల సంది తెలుసే?" అన్న.

"జామకాయల నాటి సంది" అన్నది.

పిల్ల అంత మాట పడ్డది గని, మా మరిది ముంగట దీపం సంగతి చెప్పలే. నేనే వైరు పీకిన. టీవీ కడిగిన పళ్ళెం లెక్క అయింది. రోడ్డు, ఆవు, టీ కొట్టు, అన్నీ సాఫ్ కనబడ్డయి. నాకు ఏడుపొచ్చింది. దీపానికి కరెంటిచ్చే సన్న డబ్బ కొన్ని నెలల కింద ఖరాబైందంట, దాని పక్కపొంటే కెమెరా వైరు పోతుందంట. వేరే మంచి డబ్బ పెడత అన్నడు. వద్దన్న. ఫోటో ఉండని, దీపం ఇంట్ల పెట్టుకుంట అన్న.

మీ బండిలకు గిట్ల గీతలొస్తే, తర్వాత పెట్టుకున్నవన్ని ఒక్కొక్కటి పీకి చూడుండ్రి. దేవుని సామానైనా సరే. మెకానిక్‌ను బెదిరించకుండ్రి.

అన్నం తిని రెండున్నరకు ఎల్లినం. మంజీర వంతెన దాటంగనే మొగులయ్య ఫోన్ చేసిండు, స్పీకర్ పెట్టిన.

"వదినే, కొనెటాయన రేపు వస్త అంటుండు."

"రావద్దను. ఖరాబు చేసింది నేను. పిల్ల తప్పు రవ్వంత లేదు. బండి అమ్మేది లేదు."

ఇగ తిడతడేమో అనుకున్న.

"అయితే ఎల్లుండి నన్ను సంగారెడ్డి కండ్ల దవాఖానకు తోల్కపోతదా?" అన్నడు.

రేణుక ఫోను దిక్కు వంగి గట్టిగ అన్నది, "తోల్కపోత కాకా. గని ఎనక సీట్ల గూసోవాలె. ముంగట గూసుంటే నాకు నడుపుడు నేర్పుతవు."