రెండో చెవి

మా కీర్తనకు ఆరేళ్లు నిండినా చెవులు కుట్టలేదు. మా వాళ్లలో మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటే తప్ప పిల్లకు చెవులు కుట్టరు. మొదటి పుట్టినరోజుకు లాక్‌డౌన్ వచ్చింది. ఆ తర్వాత ఒకసారి మైల, ఒకసారి జ్వరం, మిగతా అన్నిసార్లూ మా బావమరిది గోపి పని. అతను గుడియాత్తంలో ఇళ్లు కట్టే మేస్త్రీ. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు గానీ, మేస్త్రీ అక్కను పెళ్లి చేసుకుని చూడమని పెద్దవాళ్లు ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు.

ఒకటో తరగతంతా పిల్ల స్టిక్కర్ కమ్మలతో నెట్టుకొచ్చింది. చెమటకు ఒకటి ఊడితే రెండోదీ పీకి జేబులో వేసుకుని ఇంటికొచ్చేది. వేసవి సెలవులు దగ్గరపడేకొద్దీ ఇంట్లో పరీక్షల మాట తగ్గి చెవుల మాట పెరిగింది. లెక్కలు చేస్తూ చేస్తూ లేచిపోయి అద్దం ముందు నిలబడేది. “నాయనా, బడి తెరిచేటప్పటికి పుండు మానిపోతాదా?” అని రోజూ అడిగేది. గోపి ఈసారి ఒట్టేసి మరీ మాటిచ్చాడు: సెలవుల్లో మొదటి ఆదివారం, పన్నెండు లోపల. పన్నెండు దాటితే యమగండం. ఆ వారం గడిస్తే కత్తిరి ఎండలు, ఆ మండే రోజుల్లో మా ఇళ్లలో చెవులు కుట్టరు. ఈ ఆదివారం తప్పితే రెండో తరగతికీ స్టిక్కర్లే గతి.

ఆదివారం ఏడింటికల్లా నేను, నా భార్య కల్పన, కీర్తన, మూడేళ్ల చిన్నోడు మేముండే బాగాయంలో టౌన్ బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి కల్పన దర్జాగా కూర్చుంది, కండక్టర్ నన్నొక్కడినే చూశాడు. వేలూరు కొత్త బస్టాండులో ఇడ్లీ, వడ తిన్నాం. కీర్తన సగం ఇడ్లీ కూడా ముట్టలేదు. నిలబడి తినమంటే నిలబడదు, కూర్చోమంటే కూర్చోదు.

ఎనిమిది దాటాక గుడియాత్తం బస్సు దొరికింది. కాట్పాడి మీదుగా వెళ్లేవి ఉన్నాయి, పళ్ళికొండ మీదుగా వెళ్లేవీ ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకు నా సలహా పళ్ళికొండ బస్సే, హైవే మీద గాలైనా తగులుతుంది. మా పక్క సీట్లో లుంగీల మూట ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు.

“యాడికి పాపా, ఇంత సింగారంగా?” అన్నాడు.

“చెవులు కుట్టిచ్చుకునేదానికి తాతా.”

“నొప్పి పుడతాదే?”

“పుట్టనీ. నాకు కమ్మలు కావల్ల.”

ఆయన దిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

తొమ్మిదిన్నరకు గుడియాత్తంలో దిగి, ఆటోలో నెల్లూరుపేటలోని గోపి ఇంటికి చేరాం. చెవులు కుట్టే ఆచారి చిన్న పెట్టెతో అరుగు మీద సిద్ధంగా ఉన్నాడు. గోపి మాత్రం లేడు. అతని భార్య రేవతి నా మొహం చూడలేక కల్పన వైపు తిరిగింది.

“ఈ పొద్దు స్లాబ్ ఏస్తా ఉండారు వదినా. కాంక్రీట్ మిషను ఈ పొద్దే దొరికింది. తెల్లారే మొదలుపెట్టి పదికంతా వచ్చేస్తానన్నాడు. మిషనే లేటుగా వచ్చింది.”

నాకు కోపం నషాళానికి అంటింది. కల్పన తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. వెనక మిషను మోత.

“సగంలో నిలిపేదానికి కాదక్కా. నిలిపితే ఆ అతుకులో వానొచ్చినప్పుడంతా నీళ్లు కారతాది. పనిని ఇడిచిపెట్టి యాడికీ పోలేను. బావకి చెప్పు, వచ్చే ఏడు...”

కల్పన ఫోన్ ఆపేసింది. కీర్తన ఏడవలేదు. మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో రెండు చెవి తమ్మెలూ పట్టుకుంది. ఏడ్చినా బాగుండేది. నా కోపం ఎటు పోయిందో పోయింది.

“వాడు రాలేకపోతే మనమే పోదాం” అన్నాను.

ఆచారి పెట్టె చంకన పెట్టుకుని లేచాడు. “నాకు యాడైనా ఒగటేనప్పా. మామ ఒడి ఉంటే సరి.”

రేవతితో సహా అందరం ఆటోలో ఇరుక్కుని స్లాబ్ వేసే చోటికి చేరేసరికి పదకొండు కావస్తోంది. ఆడా మగా వరసగా నిలబడి కాంక్రీట్ తట్టలు పైకి అందిస్తున్నారు. గోపి తలకు తువ్వాలు చుట్టుకుని పైన నిలబడి కేకలేస్తున్నాడు. మమ్మల్ని చూసి అలాగే ఆగిపోయాడు. సంగతి వినగానే ఆ ఇంటావిడ పొంగిపోయింది. “కొత్తింట్లో మొదటి శుభకార్యం గదా, రండమ్మా” అంటూ కొబ్బరాకుల నీడలో తనే చాప పరిచింది.

గోపి దిగొచ్చి, చేతుల సిమెంటు వదిలేదాకా కొబ్బరినూనెతో రుద్దుకుని కూర్చున్నాడు. పైన పని సాగుతూనే ఉంది. రేవతి పళ్లెంలో మామ చేయించిన బంగారు కమ్మలు పెట్టింది. కీర్తన ఎగిరి అతని ఒళ్లో కూర్చుంది. ఎడమ చెవి అయిపోయింది. పిల్ల పెదవి కొరుక్కుందే గానీ కిక్కురుమనలేదు. గోపి కళ్లు మూసుకుని నీళ్లు కార్చాడు.

ఆచారి కుడి చెవి వైపు జరగగానే కీర్తన ఆ చెవిని అరచేత్తో మూసేసింది.

“చాలు మామా. ఇంగోటి వచ్చే లీవుకి.”

అందరం నవ్వాం. ఆ చెయ్యి మాత్రం కదల్లేదు. చాక్లెట్ అన్నాం, ఫోన్ ఇస్తామన్నాం, నేను గట్టిగా కసిరాను కూడా. ఆచారి గడియారం చూసుకున్నాడు. గోపి కళ్లు తుడుచుకుని పైకి చూస్తూ అరిచాడు.

“రేయ్, పని నిలపండ్రా. సగం స్లాబ్ చాలు. మిగిలింది వచ్చే లీవుకి ఏస్తాము.”

ఇంటావిడ నిజమే అనుకుంది. “అయ్యో నాయనా, మా నడింట్లో వాన కురుస్తాది గదప్పా” అని గోపి చెయ్యి పట్టుకుంది.

కీర్తన పైకి చూసింది, ఆవిడ మొహం చూసింది. 

“వద్దు మామా, ఏసేయమను” అని చెయ్యి తీసేసింది.

పన్నెండు కాకముందే రెండు కమ్మలూ పడ్డాయి. గోపి మేనకోడలి నెత్తిన ముద్దుపెట్టి మళ్లీ పైకి పరిగెత్తాడు. పనివాళ్లతోపాటు మాకూ ఆవిడ బిర్యానీ పెట్టింది. కీర్తన రెండుసార్లు పెట్టించుకుంది.

సాయంత్రం ఐదు దాటాక తిరుగు బస్సెక్కాం. హాలు లేదు, పత్రికలు లేవు, మేళం బదులు మిషను మోత. అయినా మా ఇంట్లో జరిగిన ఏ శుభకార్యంలోనూ నేను ఇంత సంతోషపడలేదు. గుడియాత్తం అంటే ఇక నాకు తడి సిమెంటు వాసనే. ముందు సీట్లో కూర్చున్న ఒకామె కీర్తన కమ్మలు చూసి, బాగా ఏడ్చినావా పాపా అని అడిగింది. “నేను ఏడవలా. మామే ఏడ్చినాడు” అంది కీర్తన, బస్సంతా వినపడేటట్టు.

పళ్ళికొండ దాటగానే పిల్లకు నిద్ర ముంచుకొచ్చింది. నా భుజం మీద వాలబోయి ఉలిక్కిపడింది. అటు తిరిగి కిటికీకి ఆనబోయి మళ్లీ ఉలిక్కిపడింది. రెండు వైపులా పచ్చి చెవులే. చివరికి నేను అరచెయ్యి దాని నుదుటికి అడ్డం పెట్టాను. నిటారుగా కూర్చునే, నుదురు నా చేతిలో వదిలేసి నిద్రపోయింది. వేలూరు వచ్చేసరికి చెయ్యి తిమ్మిరెక్కి మొద్దుబారింది. బస్సు ఆగి అందరూ దిగుతున్నా తియ్యబుద్ధి కాలేదు.