కొవ్వు బుడగలు దిగే చోటు

తెలంగాణ రాకముందు మాట. నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవాణ్ని. క్యాన్సర్‌కు ఎక్కించే ఎర్ర మందును కొవ్వు బుడగల్లో పెట్టడం నా ఉద్యోగం. గాజు ఫ్లాస్కు లోపల నెయ్యి పూసినట్టు కొవ్వు పొర పట్టించి, నీళ్లు పోసి తిప్పితే పాలలా అవుతుంది. చివరికి ఒక్కో బుడగ వెంట్రుక మందంలో వెయ్యో వంతు. చూడలేం, నమ్మాలంతే.

కాప్రాలో జాకెట్లు కుట్టే మా అక్కకు రొమ్ములో గడ్డ తేలింది. ఆమె ఏడవలేదు. "జుట్టు మొత్తం పోతదా తమ్మీ?" అని మాత్రం అడిగింది. నడుము దాటిన జడ ఆమెది, దాని మీద మహా గర్వం. డాక్టరు బుడగల మందే రాశారని తెలిసి నేను ఎగిరి గంతేశాను.

"ఫికర్ జెయ్యకక్కా. గా మందు జుట్టు జోలికి పెద్దగ పోదు."

"గడ్డ ఏడున్నదో బుడగకెట్ల తెలుస్తది?"

"తెల్వదు. గడ్డకాడ నెత్తురు నరాలు కారుతుంటయి. నెత్తుర్ల తిరుక్కుంట పోయి ఆడ జారి పడ్తది."

"గట్లయితే ఇంకేడ కారినా ఆడ గూడ పడ్తది గదా?"

ఎంత మంచి ప్రశ్న! ల్యాబ్‌లో నేను ఒక్కనాడూ అడగలేదు. బుడగ సైజు సరిగ్గా వస్తే నా పని అయిపోయేది. "గవన్నీ నీకెందుకక్కా," అని నవ్వేశాను. పోనీ డాక్టరునైనా అడిగానా, లేదు. నా తెలివి అట్లా తెల్లారింది.

మూడోసారి ఎక్కించాక ఆమె అరిచేతులు ఎర్రబడ్డాయి, మండాయి, తోలు ఊడింది. అరికాళ్లూ అంతే. డాక్టరు ఆశ్చర్యపోలేదు. మందు అక్కడా చేరుతుందట. ఎక్కించే రోజుల మధ్య ఎడం పెంచితే తగ్గుతుందట. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆదివారం వెళ్లేసరికి కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. అక్క దువ్వెనను మోచేత్తో నా ముందుకు తోసింది.

"జుట్టున్నది గని, అల్లుకునేతందుకు చేతుల్లేవు. నువ్వే అల్లు."

మూడు పాయలు ఎలా పట్టాలో ఆమె చెబుతుంటే వంకరటింకరగా అల్లాను. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

"నీ బుడగలు చేతులకే ఎందుకు పోయినయో తెల్సుకున్నవా?"

"ఇంకా లేదక్కా."

"తెల్సుకో తమ్మీ. సూది పట్టుకొని బతికేది నేనొక్కదాన్నే గాదు గదా."