చిరాగ్‌పల్లి దాకా ఖాళీ బండి

జహీరాబాద్ మార్కెట్ యార్డు ఎదుట ఉన్న చాయ్ హోటల్లో సదాశివ ఇప్పుడు కూర్చోడు. గ్లాసు పట్టుకుని బయటికొచ్చి, తన బండి నీడన నిలబడి గబగబా తాగి, ఖాళీ గ్లాసు లోపల పెట్టి పోతాడు. ఎవరైనా "కూసో సదాశివన్నా" అంటే, "కూసుంటే మోకాళ్ళు పట్టేస్తున్నయి" అంటాడు. శుద్ధ అబద్ధం. ఆ మోకాళ్ళకు ఏ రోగమూ లేదు. ఆ బెంచీ మీద కూర్చుంటే, ఒకనాడు అక్కడే నిలబడి తాను అరిచిన అరుపు చెవుల్లో మోగుతుంది. అదీ అసలు సంగతి.

సదాశివది న్యాల్‌కల్ వైపు ఊరు. వానొస్తే పంట, రాకుంటే మంట అన్నట్టుండే చెలక మీద నలుగురన్నదమ్ములు బతకలేక, మీసాలు సరిగ్గా రాని వయసులో బొంబాయి లారీకి క్లీనరుగా ఎక్కాడు. ఆ లారీ డ్రైవరు ఖాజా. పని నేర్పించింది ఆయనే, అన్నం పెట్టించింది ఆయనే, తప్పు చేస్తే వీపు మీద ఒక్కటి వేసిందీ ఆయనే. పొద్దున లేవగానే ఇంజన్‌లోంచి ఆయిల్ గేజు బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి, ఆ ఇనుప పుల్ల మీద ఆయిల్ ఏ గీత దాకా అంటిందో చూడనిదే ఖాజా బండి కదిలించేవాడు కాదు. "కండ్లతోని చూస్తే సగమే చూసినట్టురా. జర ముక్కుతోని గూడ చూడాలె" అని గేజును సదాశివ ముక్కు కింద పెట్టేవాడు.

ఆ ముక్కు చదువు ఒట్టిగా పోలేదు. ఆ లారీ ఓనరు దగ్గరే పనిచేసే ఇంకో డ్రైవరు మంచి ఆయిల్ కొంత తోడి అమ్ముకుని, గీత తగ్గకుండా లోపల డీజిల్ పోసి నడిపించేవాడు. గేజు చూసినవాళ్ళందరికీ నిండుగానే కనిపించింది. ఖాజా వాసన చూసి పట్టేశాడు. ఆ దొంగను ఓనరు ముందు నిలబెట్టినప్పుడు సదాశివ పక్కనే ఉన్నాడు. ఖాజా భాయ్ ముక్కంటే ముక్కు అని నాలుగు ఊళ్ళలో చెప్పుకుని మురిసిపోయాడు కూడా.

ఏళ్ళు గడిచాయి. ఇద్దరికీ నెత్తి నెరిసింది, రాత్రి డ్రైవింగు చేతకాలేదు. అప్పుడు ఇద్దరూ కలిసి కొత్త డీజిల్ పికప్ బండి తీసుకున్నారు. సగం నీది, సగం నాది. పొద్దటి పూట సదాశివ, మధ్యాహ్నం నుంచి ఖాజా. రోజూ పొద్దున గేజు చూసే పని సదాశివకే వచ్చింది, ఖాజా ఎప్పుడో ఒకసారి చూసేవాడు. అల్లం బస్తాలు, ఆలుగడ్డలు, కాలమొస్తే కోహీర్ జామకాయలు. దూరం లోడ్లు వద్దనుకున్నారు. యార్డు నుంచి దుకాణానికి, దుకాణం నుంచి రైల్వే స్టేషనుకు, అంతే. ఆపు, ఎక్కించు, నడుపు, మళ్ళీ ఆపు.

కొత్తలో సదాశివ గొప్పలు వినాలి! పాత లారీలు ఆయిల్ తాగేవి, ఎప్పటికప్పుడు పోస్తూనే ఉండాలి. ఈ బండి గేజు మీద గీత మాత్రం దిగితే ఒట్టు. "నా చెయ్యి మీద నడుస్తుంది గదా, సుక్క తాగదు" అని హోటల్లో కాలు మీద కాలేసుకుని చెప్పేవాడు. ఎక్కడ ఆగినా ఇంజన్ టక్కున ఆపేసేవాడు, అదో పొదుపు. ఒక్కోసారి ఆగిన బండి ఊరికే గట్టిగా గుర్రుమనేది, వేడి వాసన కొట్టేది, ముందు అద్దం కింద పసుపు బత్తి వెలిగేది. దాన్నీ అంతే, చావి తిప్పి నోరు మూయించేవాడు.

ఒకరోజు ఖాజా చెప్పాడు. "అరే సదాశివ్, గ్యారేజీల వినయ్‌ను అడిగిన. గా బత్తి వెలిగితే బండి ఆపొద్దంట. పెద్ద రోడ్డెక్కి కొంచెం సేపు ఒక్క తీరుగ నడపాలంట. లోపల మసి కాలిపోతదంట."

"లోడు లేకుంట ఖాళీ బండిని రోడ్డు మీద తిప్పుతరా భాయ్ ఎవరన్న? డీజిలేమన్న బాయిల ఊరుతుందా? గా పోరగాండ్లు గట్లనే చెప్తరు."

ఖాజా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన స్వభావమే అంత, ఒకసారి చెప్తాడు, రెండోసారి చెప్పడు.

వానాకాలం పోయాక సదాశివకు గేజు వింతగా కనిపించింది. గీత దిగలేదు సరే, పైకెక్కుతోంది. తుడిచి మళ్ళీ ముంచాడు, అంతే ఉంది. వారం తర్వాత ఇంకొంచెం ఎక్కింది. పై గీత దాటింది. పోయనిదే ఆయిల్ ఎట్లా పెరుగుతుంది? ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. డీజిల్ వాసన! ఈ బండి మీద చెయ్యి వేసేది ఇద్దరే. తాను పోయలేదు.

అయినా పాపం, మనసు ఒప్పుకోలేదు, రెండు మూడు రోజులు ఊరుకున్నాడు. ఇంతలో అల్లం వ్యాపారి రేవణసిద్ధప్ప మాటల్లో మాటగా అన్నాడు: "నిన్న మాపటీలి మీ బండి హైవే మీద చిరాగ్‌పల్లి కాడ కనవడ్డది సదాశివా. ఖాజా ఒక్కడే ఉన్నడు. వెనక లోడేం లేదు. మొన్న గూడ చూసిన."

అంతే, ముడి పడిపోయింది. ఖాళీ బండితో హైవే మీదికి పోవడం, మంచి ఆయిల్ తోడి ఎవడికో అమ్మడం, డీజిల్ పోసి నింపడం. పాత కథే. సదాశివకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. ఏడవడం చేతకాని మగాడికి అది కోపమై కూర్చుంటుంది.

ఆ మధ్యాహ్నం ఖాజా హోటల్లో చాయ్ తాగుతున్నాడు. హమాలీలు, బేరగాళ్ళు, రేవణసిద్ధప్ప, అందరూ ఉన్నారు. పక్కకు పిలిచి అడగొచ్చు కదా? అడగలేదు. సదాశివ గేజు పట్టుకుని నేరుగా లోపలికొచ్చి, నడి హోటల్లో దాన్ని ఖాజా ముక్కు కింద పెట్టాడు.

"చూడు భాయ్. నువ్వు నేర్పిన చదువే. ఏం వాసనొస్తుందో చెప్పు."

ఖాజా వాసన చూశాడు. ముఖం ముడుచుకుంది. "డీజిల్. గిదేంది, దీంట్లకు డీజిల్ ఎట్ల వచ్చింది?"

"నన్నడుగుతవేంది? నేను పొయ్యలే. నువ్వు పొయ్యలే. మరి దయ్యం పోసిందా?"

"నాకు తెల్వదు, సదాశివ్. ఖుదాకీ కసమ్, నాకు తెల్వదు."

"మరి చిరాగ్‌పల్లి కాడ ఖాళీ బండితోని ఏం పని నీకు?"

ఖాజా చుట్టూ చూశాడు. అందరూ గ్లాసులు దించి వింటున్నారు. "బత్తి వెలిగింది," అన్నాడు మెల్లగా. "బత్తి కోసమని పోయిన."

"బత్తి కోసం పోయిండంట!" సదాశివ గొంతు యార్డు గేటు దాకా వినపడింది. "ఇన్నరా అందరు? బత్తి కోసం పోయిండంట! లారీల మీద దొంగను పట్టిచ్చిన మొగోడు, గిప్పుడు గా దొంగ పనే నేర్చిండు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు ఇంకా నలుగురు కలిశారు. ఖాజా లేచాడు. జేబులోంచి బండి చావి తీసి, చాయ్ గ్లాసు పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని నడిచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి సదాశివ గెలిచినవాడిలా చెప్తే, భార్య మనోరమ చేతిలో పళ్ళెం అట్లాగే పట్టుకుని నిలబడింది. "నీకు టైఫాయిడ్ వస్తే దవాఖానల పగలు రాత్రి కూసున్నది ఎవరయ్యా? గా మనిషిని పది మందిల దొంగ అంటివా? నోరెట్ల వచ్చింది నీకు?"

"నూనె అబద్ధం చెప్తదానే? వాసన అబద్ధం చెప్తదా?" అని ఎగిరాడు. మనోరమ పళ్ళెం పెట్టేసి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఆయనకు ముభావంగానే అన్నం పెట్టింది.

ఇక రెండు పూటలా సదాశివే నడిపాడు. ఆయిల్ కొత్తది మార్పించే దాకా ఆగలేక, పైన ఎక్కువైనంత తీయించేశాడు. బండిని ఇంటి ముందే, కిటికీ కింద పెట్టుకున్నాడు. అంతటితో ఆగాడా? ఆయిల్ పోసే మూతకు ఎర్రదారం కట్టాడు, ఎవడైనా తిప్పితే తెగాలని. రోజూ పొద్దున దారం చూడడం, గేజు చూడడం.

దారం తెగలేదు. గీత ఎక్కింది.

ఇంకో వారానికి మళ్ళీ ఎక్కింది. ఖాజా ఉన్నప్పటి కంటే తొందరగా ఎక్కింది. దారం ముడి తాను వేసింది వేసినట్టే ఉంది. సదాశివ గేజు తుడిచి మళ్ళీ ముంచి చూశాడు. ఖాజా లేడు. బండి తన కిటికీ కింద ఉంది. నడిపింది తాను. మరి ఈ డీజిల్? అప్పటికే సగం అర్థమైంది ఆయనకు, మిగతా సగం అర్థం కాకుంటే బాగుండునని గ్యారేజీకి పోయాడు.

వినయ్ గేజు చూసి, "అన్నా, ఇంకొన్ని దినాలు గిట్లనే తిప్పితే ఇంజన్ పోతుండె" అన్నాడు. కొత్త బండ్లలో పొగ గొట్టం దగ్గర మసి పట్టే జల్లెడలాంటి జాలీ ఒకటుంటుందట. మసి నిండితే బండి తనంతట తానే కొంచెం ఎక్కువ డీజిల్ వదిలి దాన్ని కాలుస్తుందట. ఆ కాలే పని సగంలో ఉండగా ఇంజన్ ఆపితే, ఆ డీజిల్ కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆపినప్పుడల్లా అంతే. "దగ్గర దగ్గర తిరిగే బండ్లకు గిదే తిప్పలన్నా. బత్తి వెలిగితే పెద్ద రోడ్డెక్కాలె. ఖాజా చాచాకు చెప్పిన గద. మధ్యాహ్నం పూట బత్తి వెలిగితే చిరాగ్‌పల్లి దాకా పోయొస్తున్న అన్నడు. సొంత డీజిల్ పోసుకుంటున్నడంట, నీకు భారం గావొద్దని. ఈ నడుమ పోతలేడా ఏంది?"

సదాశివకు అంతా తేటపడింది. పొద్దటి పూట తాను ఆపి ఆపి పాడుచేసిన ఇంజన్‌ను మధ్యాహ్నం ఆ మనిషి తన డబ్బుతో కాపాడుకుంటూ వచ్చాడు. తాను ఆయన్ను నడి హోటల్లో దొంగను చేశాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. భూమి నోరు తెరిస్తే అక్కడే దిగిపోయేవాడు.

సాయంత్రం ఖాజా ఇంటికి పోయాడు. రెండుసార్లు వెనక్కి తిరిగి, మూడోసారి తలుపు కొట్టాడు. తీసింది ఖాజా భార్య సర్వరీ బేగం. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండు కూడా.

"ఆవో భాయ్, ఆవో! ఎన్ని దినాలాయె! మీ భాయ్‌కు జర మీరన్న చెప్పండి. నడుం నొప్పి, బండి నడపలేను, సదాశివ్ ఒక్కడే చూసుకుంటున్నడు అంటడు. నడుం నొప్పయితే దవాఖానకు పోవాలె గద? పోడు. మీ మీద అంత పని పడ్డది, నాకే షరమయితుంది."

ఇంట్లో చెప్పలేదు. ఖాజా ఇంట్లో ఆ మాటే చెప్పలేదు. తనను దొంగ అన్నవాడి పరువు కూడా ఆ ఇంట్లో పోకుండా చూశాడు.

ఖాజా లోపలి నుంచి వచ్చాడు. సదాశివ "భాయ్, నేను..." అని మొదలుపెట్టాడో లేదో, ఖాజా కళ్ళతోనే ఆపేశాడు. "నడుం మంచిగయింది. రేపు మధ్యాహ్నం వస్త. చాయ్ తాగిపో." ఆ చాయ్ తాగినంత సేపూ సర్వరీ బేగం బిస్కెట్లు ముందుకు జరుపుతూనే ఉంది, "తినండి భాయ్" అంటూ. సదాశివ ఒక్కటి తీసుకుని చేతిలోనే పట్టుకున్నాడు.

పది మందిలో అన్న మాట పది మందిలోనే వెనక్కి తీసుకోవాలి కదా. మర్నాడు ఖాజా రాగానే, సదాశివ హోటల్ మధ్యలో నిలబడ్డాడు. "అందరు ఇనుండ్రి. ఖాజా భాయ్ దొంగ కాదు. తప్పు నాది. బండిల మసి జాలీ ఉంటదంట, అది కాలేటప్పుడు నేనే ఇంజన్ ఆపి..."

"ఏం జాలీ?" అన్నాడొకడు.

"ఆయిల్ దానంతల అదే పెరిగిందా? గట్ల గూడ అయితదా?" అన్నాడింకొకడు.

సదాశివ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. సగం మందికి అర్థం కాలేదు, సగం మందికి ఓపిక లేదు. ఖాజాను దొంగ అన్ననాడు మాత్రం ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. "పోనీలే, దోస్తులు కలిసిన్రు గద, మంచిదే" అని రేవణసిద్ధప్ప బుజ్జగింపుగా నవ్వాడు. ఆ నవ్వులో నమ్మకం లేదు. సదాశివ ఖాజా వైపు తిరిగి చేతులు జోడించాడు, కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు.

"అయిపాయె తియ్యి," అన్నాడు ఖాజా. "చాయ్ సల్లారుతుంది."

మాట ప్రకారం ఖాజా బండెక్కాడు. ఇప్పటికీ నడుపుతున్నాడు. నవ్వుతాడు, ఇంట్లో పండగైతే సేమియా పంపుతాడు, అన్నీ వెనకటి లాగే. ఒక్కటే మారింది. ఆయన బానెట్ ఎత్తడు. గేజు ముట్టడు. సదాశివ తీసి తుడిచి, ముంచి, వాసన చూసి, "మంచిగుంది భాయ్, నువ్వు గూడ చూడు" అని చాపితే, "నువ్వు చూసినవ్ గద" అని స్టీరింగు దగ్గర కూర్చుంటాడు. ఆ గేజు పట్టుకోవడం నేర్పిన చెయ్యి అది.

ఇప్పుడు పొద్దటి పూట బత్తి వెలిగితే సదాశివ ఇంజన్ ఆపడు, నేరుగా హైవే ఎక్కేస్తాడు. మధ్యాహ్నం వెలిగితే ఖాజా ఫోను చేస్తాడు.

"సదాశివ్, బత్తి వెలిగింది. చిరాగ్‌పల్లి దాకా పోయొస్త. బండి ఖాళీగనే ఉంది. పోవాల్నా?"

"పో భాయ్, నన్నడుగుడెందుకు? నీ బండే గద!" అంటాడు సదాశివ, ప్రతిసారీ, బతిమాలుతున్నట్టు.

"చెప్పి పోతే మంచిది గద," అంటాడు ఖాజా, ప్రతిసారీ, మెత్తగా.